ఊరుకాని ఊళ్లో మ్యాట్ ఎక్కేముందు

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం. హైదరాబాద్‌లో ఉద్యోగం. పద్నాలుగు నెలలుగా బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్చుకుంటున్నాను, అదే, కింద పడేసి కీళ్లో మెడో పట్టి లొంగదీసే కుస్తీలాంటి ఆట. వైట్ బెల్ట్, దానిమీద మూడు స్ట్రైపులు, అంటే నేర్చుకున్నకొద్దీ అంటించే పట్టీలు (వైట్ తర్వాత వరసగా బ్లూ, పర్పుల్, బ్రౌన్, బ్లాక్). బరువు 54 కిలోలు. ఈమధ్య ఆఫీసువాళ్లు నెలకి పదిరోజులు బెంగళూరు పంపిస్తున్నారు. ఐటీపీఎల్‌లో పని, హూడీలో కంపెనీ గెస్ట్‌హౌస్. ప్రాక్టీసు పోతుందని పోయిన నెల సిల్క్ బోర్డు అవతల పేరున్న ఒక స్కూలుకి వెళ్లాను. గోడ నిండా మెడల్సు, బ్లాక్ బెల్ట్ కోచ్. మొదటి రౌండే ఒక బ్లూ బెల్ట్ అబ్బాయితో వేశారు. నలిపేశాడు. ట్యాప్ చేశాక (వదిలెయ్యమని చేత్తో తట్టాక) కూడా ఒక్క క్షణం ఆగి మరీ వదిలాడు, "హైదరాబాద్‌లో ఇంతేనా నేర్పేది?" అని నవ్వాడు. అప్పుడు కోచ్ ఫోన్ చూసుకుంటున్నారు. అప్పట్నుంచి కొత్తచోటికి వెళ్లాలంటే బెరుగ్గా ఉంది. గెస్ట్‌హౌస్ దగ్గర్లోనే ఒక జిమ్ పై అంతస్తులో చిన్న క్లాసు నడుస్తోంది, పర్పుల్ బెల్ట్ ఆయన నేర్పుతారు. ఇందిరానగర్‌లో ఇంకొకటి ఉందట. దేనికి వెళ్లమంటారు? హైదరాబాద్‌లో మా సార్‌కి చెప్పాలా? చెబితే ఏమనుకుంటారో! సిల్క్ బోర్డు వాళ్లు మూడు నెలలది ఒకేసారి కడితే తగ్గిస్తామంటున్నారు, కట్టేయనా?
- డి. ఎస్., హైదరాబాద్

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, మిగతా రెండింటికంటే తేలిగ్గా తేలేది అదే. కట్టకండి. నెలకి పదిరోజులు ఉండే మనిషి మూడు నెలలకి కట్టడమంటే ముప్పై రోజుల క్లాసుకి తొంభై రోజుల బిల్లు. వాళ్లు తగ్గించేది అందులో ఏ మూలకీ రాదు. నేను బ్యాంకు ఆడిటర్ని, లెక్కలే నా తిండి, అయినా ఒకసారి ఇలాగే కట్టి, కట్టిన పాపానికి నచ్చని చోటికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. ఏ రోజుకారోజు కట్టే డ్రాప్-ఇన్ ఫీజు చూడ్డానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ నచ్చకపోతే మర్నాడు వెళ్లక్కర్లేదు, ఆ డబ్బు దానికే. కొన్నిచోట్ల పది క్లాసుల పాస్ ఇస్తారు, నెల మారినా చెల్లుతుందేమో అడగండి. మీలాంటివాళ్లకి అది సరిపోతుంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఆ అబ్బాయి వెటకారం దగ్గర నేను ఆగలేదు. అలాంటివాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు, మీ హైదరాబాద్ క్లాసులోనూ ఉండే ఉంటాడు. కోచ్ ఫోన్ చూసుకుంటున్నారు అన్నచోట ఆగాను. కొత్తగా వచ్చిన 54 కిలోల వైట్ బెల్ట్‌ని మొదటి రౌండులో ఎవరితో వేస్తున్నామో ఆలోచించకపోవడం ఒక తప్పు. వేశాక అటు చూడకపోవడం రెండోది. గోడమీద ఎన్ని మెడల్సున్నా ఈ రెండూ మాసిపోవు.

నా ఎడమ మోచెయ్యి కథ చెబుతాను. 2017లో ఆడిట్ పనిమీద ఒక పెద్ద ఊళ్లో మూడు వారాలు ఉన్నాను. ఫోన్‌లో చూస్తే ఒక స్కూలుకి స్టార్లు బాగా కనిపించాయి, వెళ్లాను. అప్పటికి నాది బ్లూ బెల్ట్. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల ఒక కుర్రాడు ట్యాప్ చేశాడు, చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. అది చూసి కూడా నేను లోపలికి వెళ్లాను, అదీ నా తెలివి. పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టారు. "అతిథి కదా, చూద్దాం" అని నాతో ఒక భారీ మనిషిని వేశారు. చేరి పట్టుమని పదిహేను రోజులు కాలేదట. ఆర్మ్‌బార్ (మోచెయ్యి వెనక్కి విరిచే పట్టు) పట్టాడు, ఎలా పట్టాడో వాడికీ తెలియదు. రెండుసార్లు వాడి తొడమీద తట్టాను. ఆ పాటల హోరులో వాడికి తట్టినట్టే తెలియలేదు. టక్కుమని శబ్దం. ఆ తర్వాత మూడు నెలలు ఎడమచేత్తో కుక్కర్ ఎత్తలేకపోయాను. మా ఇంటాయన "లెక్కల పుస్తకాలు చూడ్డానికి వెళ్లి చెయ్యి విరగ్గొట్టుకొచ్చిన ఆడిటర్ నువ్వొక్కదానివే" అని ఇప్పటికీ అంటుంటాడు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా పట్టి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలంటారు. జియు-జిట్సు స్కూలుకి ఆ మెతుకు ట్యాప్. ఎవరైనా ట్యాప్ చేసిన మరుక్షణం అక్కడ ఏం జరుగుతోందో చూడండి. ఈ ఆట మొత్తం ఆ చిన్న తట్టు మీదే నడుస్తుంది. మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. మోచెయ్యి, భుజం అయితే అంత సేపు కూడా పట్టదు. అయినా ఇంతమంది, ఇంత పెద్దపెద్దవాళ్లు, రోజూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని సాయంత్రానికి క్షేమంగా ఇంటికెళ్తున్నారంటే, తట్టగానే వదులుతారన్న నమ్మకంతోనే.

అందుకని కొత్తచోట మొదటిరోజు బ్యాగులో గీ (ఈ ఆటకి వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) పెట్టుకుని వెళ్లినా వేసుకోకండి. మ్యాట్ పక్కన కూర్చుని క్లాసు మొత్తం చూడండి. చూస్తామంటే వద్దన్న చోటికి మళ్లీ వెళ్లక్కర్లేదు. టెక్నిక్ చెప్పే భాగం అంతగా చూడకపోయినా పరవాలేదు, అది అందరూ బాగానే చెబుతారు. చివర అరగంట, రోలింగ్, అంటే ఇద్దరిద్దరు తలపడడం, మొదలయ్యాక చూడండి. బెంగళూరులోనే ఒక చిన్న స్కూల్లో నేను చూసిందొకటి చెబుతాను. ఒక పర్పుల్ బెల్ట్, డెబ్బై అయిదు కిలోలుంటాడు. అతని ఎదురుగా ఒక కాలేజీ పిల్ల, పిడికెడంత ఉంది. ఆ పిల్ల కాలర్ పట్టి గొంతు నొక్కడానికి చూస్తోంది, పట్టు కుదరడంలేదు. అతను కావాలంటే ఒక్క ఊపుతో లేచిపోవచ్చు. లేవలేదు. ఆమె చెయ్యి కాలర్‌లో ఇంకో రెండంగుళాలు లోపలికి వెళ్లేదాకా కింద పడుకునే ఉన్నాడు. కుదిరింది, తట్టాడు, ఆమె వదిలేసింది. ఇద్దరూ లేచి కూర్చున్నాక అతను ఆమె బొటనవేలు తీసి కాలర్ లోపల ఎక్కడుండాలో పెట్టి చూపించాడు. కోచ్ గోడకానుకుని అటే చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. మర్నాడే వెళ్లి చేరిపోయాను.

బెంగళూరులో కోచ్‌లు మ్యాట్ మీద "నిధాన, నిధాన" అని అరుస్తుంటారు. కన్నడమే, మనకి అనువాదం అక్కర్లేదు. ఆ మాట ఎన్నిసార్లు వినబడితే అంత మంచిది.

పర్పుల్ బెల్ట్ నేర్పితే చాలా అన్న సందేహం మీ ఉత్తరంలో తొంగిచూస్తోంది. చాలు. అంతర్జాతీయ సమాఖ్య ఐ.బి.జె.జె.ఎఫ్. నిబంధనల ప్రకారం పెద్దవాళ్లు బ్లూ నుంచి పర్పుల్‌కి రావడానికి కనీసం రెండేళ్లు, పర్పుల్ నుంచి బ్రౌన్‌కి ఏడాదిన్నర, బ్రౌన్ నుంచి బ్లాక్‌కి ఏడాది ఆగాలి. ఇవి కనీసం అన్నమాట, మామూలుగా వైట్ నుంచి బ్లాక్‌కి పదేళ్లు పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. మన దేశంలో ఈ ఆట వయసు తక్కువ. పర్పుల్ బెల్టులు స్కూళ్లు నడపడం ఇక్కడ కొత్తేం కాదు, మోసమూ కాదు. మూడు స్ట్రైపుల వైట్ బెల్ట్‌కి కావలసింది ఒక పర్పుల్ బెల్ట్ దగ్గర బోలెడంత ఉంటుంది. ఒక్కటి మాత్రం అడగండి: "మీకు బెల్ట్ ఎవరిచ్చారండీ?" సరైనవాడైతే గురువు పేరు, వీలైతే ఆయన గురువు పేరు కూడా గడగడా చెబుతాడు. పెళ్లిచూపుల్లో గోత్రం చెప్పినంత తేలిక వాళ్లకి. నసిగి, కథ చెప్పి, ఏదో ఆన్‌లైన్ కోర్సు దాకా తీసుకెళ్తే మీ చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తు తెచ్చుకోండి.

దూరం సంగతి. హూడీ నుంచి సిల్క్ బోర్డు అవతలికి సాయంత్రం ఏడింటికి వెళ్లి రావడమంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్లి, బెళ్లందూరు దాటుకుంటూ పోవాలి. క్లాసు కంటే ట్రాఫిక్కే ఎక్కువసేపు పడుతుంది, క్యాబ్ వెనకసీట్లో మీ ఉత్సాహం చల్లారిపోతుంది. ఆ స్కూలు ఎంత గొప్పదైనా నేను అందుకే వద్దనేదాన్ని. ఇందిరానగర్ వేరు. 2023 అక్టోబరులో బయ్యప్పనహళ్లి, కె.ఆర్.పురం మధ్య మిగిలిన మెట్రో ముక్క కూడా తెరిచాక, హూడీలో ఊదా రంగు లైను ఎక్కితే మారకుండా ఇందిరానగర్‌లో దిగుతారు. అంతకుముందు అక్కడ దిగి బస్సెక్కి మళ్లీ మెట్రో ఎక్కే బాధ నాకు తెలుసు.

కాబట్టి నా మాట: వారం మధ్యలో రెండుమూడు రోజులు గెస్ట్‌హౌస్ దగ్గరున్న చిన్న క్లాసు, నడిచి వెళ్లొచ్చు. శని, ఆదివారాలు ఊళ్లోనే ఉంటే ఇందిరానగర్‌లో ఓపెన్ మ్యాట్ ఉందేమో కనుక్కోండి. ఓపెన్ మ్యాట్‌లో పాఠం ఉండదు. వేరువేరు స్కూళ్లవాళ్లు వచ్చి ఎవరికి నచ్చినవాళ్లతో వాళ్లు రోల్ చేస్తారు. రోజూ పట్టే మనుషులే కాకుండా కొత్త చేతులు తగులుతాయి, ప్రయాణాల్లో ఉన్న లాభమంతా అదే. కానీ అక్కడ చూసేవాళ్లు తక్కువ, అందుకే మొదటి వారమే ఓపెన్ మ్యాట్‌కి వెళ్లొద్దు. రెండుచోట్లా ముందు కూర్చుని చూశాకే, సరేనా? నేను ఇక్కడ కూర్చుని చెబుతున్నది మ్యాపు చూసి చెప్పేది, మీరు కళ్లతో చూసింది దానికంటే పెద్దది.

వెళ్లే ముందు ఒక మెసేజ్ పెట్టండి. గొప్పగా రాయక్కర్లేదు. పేరు, ఎక్కడ ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, ఏ బెల్ట్, ఏ తేదీల్లో ఊళ్లో ఉంటారు, మీకు తగిన క్లాసేది, గీ క్లాసా, గీ లేకుండా చేసే నో-గీనా, ఫీజెంత. గీ రంగు కూడా అడగండి, కొన్ని సంస్థల శాఖల్లో వాళ్ల సొంత గీ తప్ప వేరేది ఒప్పుకోరు. ఇంకో మాట, మీరు అడగలేదు కానీ అడగాల్సింది: "క్లాసులో ఆడవాళ్లు ఉంటారా? బట్టలు మార్చుకునే గది ఉందా?" ఒక్క అమ్మాయి కూడా నిలవని స్కూలంటే ఎందుకు నిలవట్లేదో వెళ్లి కనుక్కోవాల్సిన పని మీది కాదు. మీ మెసేజ్‌కి వచ్చే జవాబులోనే సగం స్కూలు కనిపిస్తుంది. "రండి మేడం, సోమవారం బిగినర్స్ క్లాసుంది, అది మీకు బావుంటుంది" అన్నవాడూ, "ఫస్ట్ పేమెంట్ మేడం" అన్నవాడూ ఒకటి కాదు.

మీ సార్‌కి చెప్పాలా అంటే, తప్పకుండా చెప్పండి, మీ నోటితోనే. ఎవరో పెట్టిన ఫోటోలో చూసి తెలుసుకోవడం కంటే అది నయం. వెనకటికి బ్రెజిల్‌లో ఒక స్కూలు వదిలి ఇంకో స్కూలుకి పోతే ద్రోహం కిందే లెక్క. కార్ల్‌సన్ గ్రేసీ అనే పెద్దాయన అలాంటివాళ్లని "క్రియోంచి" అని తిట్టేవాడు, అప్పట్లో వచ్చిన ఒక టీవీ సీరియల్లో మాటకి నిలబడని పాత్ర పేరది. తిట్టు ఇప్పటికీ ఉంది కానీ దాని పదును పోయింది. అసలు ఈ విద్య పుట్టిందే ఊరూరా తిరిగిన మనిషి వల్ల. మిత్సుయో మయేదా అనే జపాన్ జూడో వీరుడు అమెరికా, యూరప్, క్యూబా, మెక్సికో అన్నీ చుట్టి 1914లో బ్రెజిల్‌లో దిగాడు, చివరికి బెలేం ఊళ్లో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ తర్వాత తమ్ముళ్లతో కలిసి రియోలో 1925లో స్కూలు పెట్టాడు. మయేదా ఊరు దాటకుండా కూర్చుని ఉంటే మీ సార్‌కి బెల్టూ లేదు, నాకు మోచేతి నొప్పీ లేదు. మీ సార్ ఈ కథ తెలిసినవాడే అయ్యుంటాడు. చెబితే సంతోషించి "అక్కడ ఫలానా ఆయన ఉన్నాడు, నా పేరు చెప్పు" అంటాడు, చూడండి. ఆ ఒక్క పేరు పది స్టార్ల పెట్టు. ఒకవేళ ముఖం ముడుచుకుంటే, అది కూడా మీకు తెలియాల్సిన సంగతే. కాకపోతే స్ట్రైపులు, బెల్టులు మాత్రం ఇంటిదగ్గరే. బెంగళూరు కోచ్ ముచ్చటపడి నాలుగో స్ట్రైప్ అంటిస్తానన్నా, "మా సార్ ఇస్తారండీ" అనండి.

మ్యాట్ మీద అతిథిలా ఉండండి. గెలవడానికి వెళ్లొద్దు. వాళ్లు చూపించే పద్ధతి మీకు తెలిసినదానికి విరుద్ధంగా ఉన్నా ఆ గంటసేపు వాళ్లలాగే చెయ్యండి. "మా దగ్గర ఇలా చెయ్యం" అన్న మాట నోట్లోనే ఉండనివ్వండి. ఒకసారి నేను ఒక చోట పక్కపిల్లకి హాఫ్ గార్డ్ అనే పొజిషన్ గురించి ఉపన్యాసం ఇస్తుంటే వెనక కోచ్ నిలబడి ఓపిగ్గా వింటున్నాడు. ఆ సిగ్గు ఇంకా ఉంది.

కానీ అతిథి కదా అని ప్రతివాడితోనూ రోల్ చెయ్యాల్సిన పనిలేదు. "ఈ రౌండు వద్దండీ" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. రోల్ మొదలుపెట్టే ముందు "నేను వైట్ బెల్ట్‌ని, నిదానంగా చేద్దాం" అని పైకి అనండి. మీకు కోచ్ భాగస్వామిని చూపించకపోతే మీరే అడిగి పర్పుల్, బ్రౌన్ బెల్టుల పక్కన కూర్చోండి. బెల్ట్ ముదిరినకొద్దీ ప్రమాదం తగ్గుతుంది. నన్ను గాయపరిచినవాళ్లంతా కొత్తవాళ్లే, బలం ఎక్కడ ఆపాలో ఇంకా తెలియనివాళ్లు. చేత్తో తట్టడానికి వీల్లేకపోతే నోటితో "ట్యాప్" అని గట్టిగా అరవండి. నేను ఆరోజు అరవలేదు.

నో-గీ క్లాసుకి వెళ్తే ఒకటి ముందే అడగండి: ఇక్కడ హీల్ హుక్ పడతారా? మడమని పట్టి తిప్పితే ఆ మెలి అంతా మోకాలి లిగమెంట్ల మీద పడుతుంది, నొప్పి తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. మోచెయ్యి ముందు హెచ్చరిస్తుంది, మోకాలు అలా హెచ్చరించదు. ఐ.బి.జె.జె.ఎఫ్. పోటీల్లో గీ వేసుకుంటే ఇది ఎవరికీ లేదు. నో-గీలో 2021 నుంచి బ్రౌన్, బ్లాక్ బెల్టుల పెద్దవాళ్లకి మాత్రం ఒప్పుకున్నారు. కానీ కొన్ని క్లబ్బుల్లో వైట్ బెల్టులు కూడా సరదాగా పట్టేస్తుంటారు. ఎవరైనా మీ మడమ మోచేతి వంపులో పట్టుకుంటే పరువు గురించి ఆలోచించకుండా అప్పుడే తట్టేయండి.

శుభ్రం గురించి మీ అమ్మగారు చెప్పనిది నేనేం చెప్పను. మ్యాట్ తడిబట్టతో తుడుస్తున్నారా, బాత్రూముకి చెప్పులేసుకుని వెళ్తున్నారా, ఈ రెండు చూడండి. ఒట్టికాళ్లతో బాత్రూముకి వెళ్లి అవే కాళ్లతో మ్యాట్ ఎక్కే చోట తామర ఇవాళ కాకపోతే రేపు ఖాయం. చర్మంమీద గుండ్రని మచ్చ కనిపిస్తే మీరూ క్లాసుకి వెళ్లొద్దు. గోళ్లు హైదరాబాద్‌లోనే తీసుకుని రండి, గెస్ట్‌హౌసుల్లో గోళ్ల కత్తెర ఉండదు.

చివరగా గీ. ఆరుబయట వేస్తే బెంగళూరు జూలై ముసురుకి మూడురోజులైనా ఆరదు, నాలుగోరోజుకి ముక్కిన వాసన. నేను చేసేది చెబుతాను: ఉతికాక పిండి, గెస్ట్‌హౌస్ వాళ్లిచ్చే పొడి తువాలు నేలమీద పరిచి, దాని మీద గీ పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, ఆ చుట్టమీద ఎక్కి తొక్కుతాను. తువాలు నీళ్లన్నీ తాగేస్తుంది. ఆ తర్వాత హ్యాంగర్ కాకుండా కుర్చీ వీపుకి చేతులు చాపి తొడిగి, ఫ్యాను కింద పెడితే రెండోరోజు సాయంత్రానికి వేసుకోవచ్చు. కాలర్ మాత్రం చివరిదాకా తడిగానే ఉంటుంది, దాన్ని ఇస్త్రీపెట్టెతో పట్టండి. ఇవన్నీ వద్దనుకుంటే ఒక రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే బనీను), షార్ట్స్ పెట్టుకుని నో-గీ క్లాసులకే వెళ్లండి, బ్యాగు కూడా తేలిక. మా ఇంటాయనైతే ఆ తువాలు గెస్ట్‌హౌస్ వాళ్లకి ఏమని తిరిగిస్తావని అడుగుతుంటాడు. ఉతికి ఇస్తానని చెబుతాను.